మూడో పిలుపు

ఇపోలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. సాయంత్రం ఐదున్నరకి షట్టర్ దించి, కారులో ఇరవై నిమిషాలు వస్తే ఇల్లు. ఊరి అంచున వరస ఇళ్ళలో చివరిది మాది. వెనక గోడ దాటితే ఎవరిదో చిన్న పామాయిల్ తోట, దాని వెనక సున్నపురాతి గుట్ట. ఇంట్లో నేనూ, మా బాబాయి కొడుకు కిషేనూ ఉంటాం. వాడికి ఇరవై ఏడేళ్ళు. ఏదో కంపెనీకి ఇంట్లో కూర్చునే ప్రోగ్రాములు రాస్తాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు మతి చలించలేదని మీరు ముందే తెలుసుకోవాలి. నేను తప్పు చేసినదాన్ని, అంతే.

కిషేన్‌కి ఒక కంప్యూటర్ ఆటంటే పిచ్చి. పల్లెలో పొలం చేసుకుంటూ, ఇరుగుపొరుగుతో కబుర్లాడుకునే ఆట. ఆ ఆటకి మనం సొంతంగా కొత్త మనుషుల్ని, కొత్త ఇళ్ళని, కొత్త మాటల్ని చేర్చుకోవచ్చు. అలా చేర్చినదాన్ని మాడ్ అంటారు. తాతల నాడు ఈ దేశానికి తోటపనికొచ్చిన మన తెలుగువాళ్ళ ఎస్టేటు ఒకటి అందులో కడదామని వాడే మొదలుపెట్టాడు. స్క్రిప్టులు వాడివి, మాటలు నావి. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. నేను ఏది అడిగినా ఇంగ్లీషులోనే జవాబిస్తాడు.

మాటల పని ఎలా ఉంటుందంటే, పొడుగాటి ఫైలు ఒకటి ఉంటుంది. ప్రతి వరసలో ఎడమ పక్క ఇంగ్లీషులో ఒక గుర్తు, కుడి పక్క ఆటలో మనిషి పలికే మాట. గుర్తు జోలికి పోకూడదు. మాట మన ఇష్టం. ఆడేవాళ్ళ పేరు రావాల్సిన చోట ఖాళీ బ్రాకెట్లు పెడితే చాలు, ఎవరు ఆడితే వాళ్ళ పేరు అందులోకి వచ్చి కూర్చుంటుంది. కిషేన్ ఇది చూపించిన రోజు నాకు భలే సరదా వేసింది. ఒక్క వరస రాసి ఎంతమందినైనా పేరు పెట్టి పిలవచ్చు.

కానీ నాకొచ్చింది ఆదివారం క్లాసులో నేర్చుకున్న పుస్తకాల తెలుగు. ఎస్టేటులో ఎవరూ అలా మాట్లాడరు. అందుకని బాగన్ దాతుక్ వెళ్ళి బంగారమ్మని పట్టుకున్నాను.

మా అమ్మ పుట్టిన తోటలో బంగారమ్మ ఆయమ్మ. పనికెళ్ళే తల్లులు పసిపిల్లల్ని వదిలి వెళ్ళే రేకుల షెడ్డు ఒకటి ఉండేది, ఆయా కొట్టాయి అనేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళు ఆ షెడ్డు ఆమె రాజ్యం. మా అమ్మనీ, మామల్నీ, సెలవులకి వెళ్ళినప్పుడు నన్నూ ఆమే చూసుకుంది. ఎనభై ఆరేళ్ళొచ్చినా కోడలు మీనాచ్చిని వంటింట్లో గరిట పట్టనిచ్చేది కాదు. ఎనిమిది ఆదివారాలు ఆమె ముందు ఫోను పెట్టి మాటలు రికార్డు చేసుకున్నాను. తాంబూలం నములుతూ కూర్చునే ఆమెకి అదంతా నవ్వులాటగా ఉండేది. కంప్యూటరుకి తెలుగొచ్చునా అని అడిగేది. రాదంటే, మరి దానికి ఎవరు చెబుతారు, నువ్వేనా అని ఇంకా నవ్వేది.

ఆయమ్మకి ఒక అలవాటుండేది. పొద్దు గూకే వేళ షెడ్డు మెట్టు మీద నిలబడి పిల్లల్ని పేరుపేరునా పిలిచేది. ఒక్కొక్కరినీ మూడుసార్లు. మొదటి పిలుపుకి పలకకూడదు. రెండోదానికీ పలకకూడదు. మూడోసారి పిలిచాకే ‘ఉన్నానమ్మా’ అనాలి. ముందే పలికినవాళ్ళ వీపు మీద ఒకటి పడేది. అందరూ పలికేదాకా తలుపు వేసేది కాదు. మాకదొక ఆట. పెద్దయ్యాక కూడా ఆటనే అనుకున్నాను. ఆఖరి ఆదివారం రికార్డింగ్ ఆపేశాక ఎందుకలా అని అడిగాను. ఆమె నవ్వలేదు.

“సెట్ల మజ్జిన అదీ పిలస్తాది. నా గొంతుతోనే పిలస్తాది. కానీ దానికి ఒక్క తడవే పిలవడం వొచ్చు. మూడు తడవలు పిలిచినానంటే, అది నేను.”

ఒకసారి కాంతయ్య అనే ఐదేళ్ళ పిల్లాడు షెడ్డులో కూర్చుని ఉన్నట్టుండి ‘ఉన్నానమ్మా’ అన్నాడట. ఆయమ్మ అప్పటికింకా ఎవరినీ పిలవనే లేదు. గిన్నెలు కడుగుతోంది. చేతులు తుడుచుకుని వచ్చేసరికి వాడు లేడు. కాలవ గట్టు మీద వాడి చెప్పు దొరికింది. ఒక్కటే.

నేను బయల్దేరుతుంటే ఆయమ్మ నా చెయ్యి పట్టుకుంది. “లోకం మీదికి వొదిలే ముందు నాకు సదివి ఇనిపించే. ఏటైనా తప్పుంటే సెప్తాను.” చదివి వినిపిస్తానని ఆ చేతిలో చెయ్యేసి చెప్పాను.

వినిపించలేదు.

ఆటలో కూడా ఒక ఆయమ్మని పెట్టాం. రోజూ పొద్దు గూకే వేళకి మెట్టు మీదికొచ్చి ఆడేవాళ్ళని పేరు పెట్టి పిలుస్తుంది. మూడు పిలుపులకి మూడు వరసలు, తెర మీద మూడు పెట్టెలు. ముందుగా ఆడి చూసిన కిషేన్ స్నేహితులు, ప్రతి సాయంత్రం మూడుసార్లు నొక్కాలంటే విసుగ్గా ఉందన్నారు. పైగా మన అక్షరాలు పెద్దవి కదా, పెట్టెలో పట్టక కిందికి జారిపోతున్నాయి. సరేనని రెండు వరసలు తీసేశాను. ఒక పిలుపు, ఒక జవాబు. కిషేన్ కాదు, నేనే తీసేశాను. దీనికి ఆయమ్మ ఒప్పుకుందా అని వాడు అడిగాడు కూడా. ఒప్పుకుంది, అంతా చదివి వినిపించానని చెప్పాను. అంత సులువుగా అబద్ధం వస్తుందని నాకప్పటిదాకా తెలీదు.

శుక్రవారం సాయంత్రం మాడ్ బయటపెట్టాం. అరగంటలో నలభైమంది దించుకున్నారు. నేను ఆ అంకె చూసుకుంటూ మురిసిపోతుంటే నా ఫోను మోగింది. ఆయమ్మ నంబరు. ఎందుకు చేస్తోందో నాకు తెలుసు. వినిపించమంటుంది. వింటే రెండు పిలుపులు ఏమైపోయాయంటుంది. చివాట్లు తినే ఓపిక నాకు లేదనిపించింది. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది. మూడోసారి మోగినప్పుడు ఫోను బోర్లా తిప్పి పెట్టాను.

తెల్లారి మీనాచ్చి అత్త ఫోను చేసింది. ఆయమ్మ నిద్రలోనే పోయిందంది.

బాగన్ దాతుక్‌లో ఆ రోజు ఎండ మండిపోతోంది. వాకిట్లో వేసిన టెంటు కింద ఎవరి ముఖమూ చూడలేక ఇంటి పక్కకెళ్ళి నిలబడ్డాను. మీనాచ్చి అత్త అక్కడికే వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆయమ్మ మంచం మీద లేచి కూర్చుని పిల్లలందరినీ పిలిచిందట. ఎప్పుడో పోయినవాళ్ళ పేర్లతో సహా, ఒక్కొక్కరినీ మూడుసార్లు. ఎవరి పేరు వచ్చినా అత్తే ఉన్నానమ్మా అని పలికిందట.

“నీ పేరొచ్చినప్పుడు నన్ను పలకనీనేదు. ఫోను తెమ్మంది, నీకే సేసింది. సుగంధి ఒక్కతీ పలకనేదు, తలుపెయ్యకే మీనాచ్చీ అంది. తలుపు తీసుండగానే పోయినాది.”

క్లినిక్కులో రద్దీగా ఉండి చూసుకోలేదన్నాను. అది నా రెండో అబద్ధం. అత్త నా భుజం తట్టి, పర్వాలేదమ్మా అంది. తిట్టి ఉంటే బాగుండేది.

పదకొండో రోజు దాటాక మా మాడ్ కింద ఒక వ్యాఖ్య కనిపించింది. కువాలా సెలంగోర్ నుంచి రాజన్ అనే అతను రాశాడు. ‘ఆయమ్మ గొంతు ఎవరిది? అచ్చం మా నాయనమ్మలా ఉంది.’ చదివి ఊరుకున్నాను. మర్నాడు ఇంకొకరు, ‘ఇన్ని పేర్లు ఎలా రికార్డు చేశారు? నా పేరు కూడా పలుకుతోంది’ అని రాశారు.

మా మాడ్‌లో శబ్దం లేదు. ఒక్క ధ్వని ఫైలు కూడా మేం పెట్టలేదు. ఉన్నవి అక్షరాలు మాత్రమే.

కిషేన్ నవ్వేశాడు. ఎవరో మనల్ని ఆటపట్టిస్తున్నారన్నాడు. అయినా ఒకసారి ఆడి చూస్తానని శనివారం సాయంత్రం కూర్చున్నాడు. ఆటలో తన సొంత పేరే ఇచ్చుకున్నాడు.

మధ్యాహ్నమంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. కిటికీలోంచి తడి మట్టి వాసన, తోటలో రాలి కుళ్ళుతున్న పామాయిల్ గెలల పులిసిన వాసన. దగ్గర్లోని సురావులో, అంటే చిన్న మసీదులో, సాయంత్రం నమాజు పిలుపు ముగిసింది. దేవుడి దగ్గర దీపం పెట్టి, వంటింట్లో నెత్తళ్ళు వేయిస్తున్నాను. వెనక కాలవలో కప్పలు ఒకటే గోల. కిషేన్ గది తలుపు ఓరగా ఉంది. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్న వాడి వీపు కనిపిస్తోంది.

కప్పలు ఆగిపోయాయి.

అన్నీ ఒక్కసారే. పెనంలో నూనె చిటపటలు తప్ప ఇంకేమీ లేదు. స్టవ్ ఆర్పేశాను. ఎందుకు ఆర్పానో తెలీదు... వినాలనిపించింది.

వెనక గోడ అవతల నుంచి వచ్చింది.

“కిషేనూ...”

ఆ సాగదీత నాకు తెలుసు. చివరి అక్షరాన్ని కొంచెం పైకెత్తి వదిలే ఆ పిలుపుకి నేనెన్నిసార్లు పరిగెత్తుకెళ్ళానో. రెండో పిలుపు కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

రెండో పిలుపు రాలేదు.

“ఉన్నానమ్మా” అన్నాడు కిషేన్, గదిలోంచి. చక్కటి తెలుగులో. చిన్నపిల్లాడిలా.

కుర్చీ జరిగిన చప్పుడు. చెప్పుల చప్పుడు. వెనక తలుపు తెరుచుకుంది. ఆపాలి కదా... కాళ్ళు కదల్లేదు. కదిలాక ముందు వాడి గదిలోకే వెళ్ళాను, పిచ్చిముఖాన్ని, అక్కడ వాడు లేడని తెలిసి కూడా. తెర మీద ఆయమ్మ బొమ్మ మెట్టు మీద నిలబడి ఉంది. పెట్టెలో నేను రాసిన ఒక్క వరస. దాని కింద, నొక్కితేనే రావాల్సిన జవాబు నొక్కకుండానే వచ్చి ఉంది. హెడ్‌ఫోన్ నేల మీద పడి ఉంది. అందులోంచి సన్నగా ఏదో వినబడుతోంది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

పిల్లలు. చాలామంది. ఒకరి తరవాత ఒకరు... ఉన్నానమ్మా... ఉన్నానమ్మా... ఆఖరిది కిషేన్ గొంతు.

పరిగెత్తాను. వెనక గేటు తీసి ఉంది. తోటలో ఇంకా పూర్తిగా చీకటి పడలేదు, కానీ ఆ మట్టల కింద అప్పటికే రాత్రయింది. రెండు వరసల చెట్ల మధ్య వాడు దూరంగా నడుస్తున్నాడు. తొందర లేదు. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు, ఎడమ చెయ్యి కొంచెం ముందుకి చాచి ఉంది.

“కిషేన్!” అని అరిచాను.

వాడి నడక వేగం పెరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి పిలుపు ఎవరిదో వాడికెలా తెలుస్తుంది? మళ్ళీ పిలిచాను. ఈసారి ఆయమ్మలా, సాగదీసి, చివర పైకెత్తి. వాడు ఆగాడు. తల ఒక పక్కకి వంచి వింటున్నాడు. ఇంకొక్కటి. ఇంకొక్క పిలుపు పిలిస్తే చాలు. నోరు తెరిచాను. గొంతు రాలేదు. వాడి పాదం లేచింది...

“కిషేనూ...”

పిలిచింది నేను కాదు. నా వెనక నుంచి, చాలా దగ్గరగా. తాంబూలం వాసన వచ్చింది.

“ఉన్నానమ్మా” అని వాడు వెనక్కి తిరిగాడు.

నేను వెనక్కి చూడలేదు. వాడి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చి తలుపు గడియ పెట్టాను. వాడి ఒంటి మీద ఒక్క గీత లేదు. ఒక చెప్పు మాత్రం పోయింది. ఏం జరిగిందంటే గుర్తులేదన్నాడు, కాళ్ళు కడుక్కుని పడుకున్నాడు. నేను వంటింటి నేల మీద కూర్చుని ఏడ్చాను. నా తప్పు దిద్దడానికి ఆయమ్మ చచ్చాక కూడా వచ్చి పిలవాల్సి వచ్చిందే అని ఏడ్చాను. బతికుండగా మూడుసార్లు పిలిస్తే ఒక్కసారి పలకలేకపోయాను.

ఆ రాత్రే ఫైలు తెరిచి, తీసేసిన రెండు వరసలూ తిరిగి రాశాను. మూడు పిలుపులు, ఆ తరవాతే జవాబు. అక్షరాలు పెట్టెలో పట్టకపోతే పట్టకపోనీ. కొత్తది పైకి ఎక్కించి, అందరూ తప్పకుండా మార్చుకోమని రాశాను. చేతిలో చెయ్యేసి చెప్పిన మాట ఇప్పటికైనా నిలబెట్టుకున్నానని, చాలా రోజుల తరవాత కంటినిండా నిద్రపోయాను.

ఐదు రోజులకి రాజన్ మళ్ళీ రాశాడు. ‘కొత్తది బాగుంది. ఆయమ్మ ఇప్పుడు మూడుసార్లు పిలుస్తోంది. ఒక్క సమస్య. ఆట మూసేసినా పిలుస్తోంది. నిన్న కంప్యూటర్ కూడా ఆపేశాను.’

అది చదివినప్పుడు క్లినిక్కులో జనం ఉన్నారు. ఎవరో చీటీ ఇస్తే అందుకోలేకపోయాను. దానికి ఒక్క తడవే పిలవడం వచ్చు అని ఆయమ్మ నాతో చెప్పింది. ఆ ఒక్క తేడాతోనే ముప్ఫై ఏళ్ళు అంతమంది పిల్లల్ని కాపాడుకుంది. రికార్డింగ్ ఆపాక చెప్పిన మాట అది. దాన్ని నేను ఫైల్లో రాసి, పేరు కోసం ఖాళీ వదిలి, నాలుగు వందల ఇళ్ళకి పంపాను. మూడుసార్లు పిలవాలని దానికి నేర్పింది నేనే.

పలకొద్దని రాజన్‌కి వెంటనే రాశాను. అతని నుంచి జవాబు రాలేదు. ఆ రాత్రే మాడ్ తీసేశాం. దించుకున్నవాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటుంది.

మొన్న సాయంత్రం ఏడుంపావుకి నా ఫోను మోగింది. ఆయమ్మ నంబరు. ఒక్కసారి మోగి ఆగిపోయింది. మీనాచ్చి అత్తకి ఫోను చేసి ఆయమ్మ ఫోను ఎక్కడుందని అడిగాను. బీరువాలో ఉందంది. చార్జింగు పెట్టి చాలా రోజులైందంది. నిన్న అదే వేళకి రెండుసార్లు మోగింది.

ఇవాళ క్లినిక్కుకి వెళ్ళలేదు. వెనక గుమ్మంలో మెట్టు మీద కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మూడోసారి మోగితే పలకాలి. ఆయమ్మే అయితే, నేను పలికేదాకా ఆమె తలుపు వేసుకోదు, ఇంకా ఆ మెట్టు మీదే నిలబడి ఉంటుంది. నేను ఆమెకి అంత పని చేశాను. ఆయమ్మ కాకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. పిలిచేది ఎవరో తేల్చుకునే దారి మాత్రం ఇక లేదు, నేనే చెరిపేశాను. అయినా పలుకుతాను. ఇంకొకసారి ఫోను బోర్లా తిప్పి పెట్టడం నా వల్ల కాదు.

ఒక్కటే తొలుస్తోంది. ఆ రోజు తోటలో మొదటి రెండు పిలుపులూ నావి. నా వెనక నుంచి ఆ గొంతు పిలిచింది ఒక్కసారే.

దానికే కిషేన్ పలికాడు.

కప్పలు ఆగాయి. ఫోను ఒకసారి మోగింది. రెండోసారీ మోగింది. ఇంట్లోంచి కిషేన్ వచ్చాడు. నా చెప్పు తెచ్చి వెనక గోడ వైపు తిప్పి మెట్టు కింద పెట్టాడు.

ఒక్కటే.